బాపిరాజు రచనలలో ఆహార్యము

అడివి బాపిరాజు (1895–1952) కవి, గాయకుడు, చిత్రకారుడు, నవలాకారుడు. 1936 నాటి ‘అనసూయ’, ‘ధ్రువవిజయము’ చిత్రములకు కళాదర్శకుడు. ఈ పేర్లను బిరుదములవలె వరుసగా జెప్పి, పిదప ఒక్కొక్క కళను వేఱువేఱుగా తూచుట మన విమర్శకులకు పరిపాటి యైనది. అట్లు తూచినచో, నవలాకారుడు చిత్రకారునకు లొంగిపోయెనను ఆక్షేపణయే తుదకు మిగులును. కాని ఆయన కళలన్నియు కలిసికొన్న తావు వేఱొకటి కలదు. అది ఆహార్యము: వస్త్రము, ఆభరణము, అలంకరణము. భరతుడు దీనిని చతుర్విధాభినయములలో నొకటిగా లెక్కించెనే కాని పైపూతగా నెంచలేదు.

బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటోపాధ్యాయుని యొద్ద బాపిరాజు చిత్రకళ నభ్యసించెను. ఆ చూపు ‘హిమబిందు’లో సంపూర్ణముగా అక్కఱకు వచ్చినది. శాతవాహనుల నాటి పలుచని అంతరీయములు, బరువైన మేఖలలు, పెద్ద కర్ణభూషణములు అమరావతి శిల్పములను జూచినవారికి క్రొత్తవి కావు. అందలి సువర్ణశ్రీ శిల్పికుమారుడు. కావున ఆ వర్ణనము రచయిత ప్రదర్శనముగాక పాత్ర చూపుగానే చెల్లును. 1934లో ‘వేయిపడగలు’తోబాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి నందిన ‘నారాయణరావు’లో ఈ వెసులుబాటు లేదు. అది తన కాలపు కథ. చదువరి యెఱిగిన బట్టలనే పుటలకొలది వర్ణించిన కథ కుంటుపడును, పడినది కూడ.

‘శశికళ’ పాటలలో ఈ దోషము కానరాదు. పల్లవి మరల రావలెను గనుక, అలంకారము తన పని ముగించుకొని తప్పుకొనక తీఱదు. పాడి వినిపించు కవికి ఈ కట్టడి సహజముగా అబ్బును. వచనము ఆయన నట్లు పట్టి యుంచలేదు.

‘గోన గన్నారెడ్డి’ సంగతి వేఱు. పుత్రసంతతి లేని గణపతిదేవ చక్రవర్తి కూతురిని రుద్రదేవుడను పేర పురుషవేషమున పెంచెను. ఆ వేషము కాకతీయ సింహాసనమునకు కవచము, రుద్రాంబకు చెఱ. చాళుక్య వీరభద్రునిపై మనసు నిలిచిన క్షణమునుండి ఆమె మేని బట్టయే ఆమెకు ప్రతిపక్షము. ఇచ్చట ధరించిన నగకంటె ధరింపరాని నగయే బరువైనది. ‘నారాయణరావు’లో కథ నాపిన ఆహార్యమే ఇందు కథను నడిపించుచున్నది. ఈ నవలను చరిత్ర, వీరము అను రెండు మాటలతో ముగించు పాఠ్యగ్రంథములు ఈ వేషము ముచ్చటను ఒక వాక్యముతో దాటివేయుట శోచనీయము.