ఒకే గ్రీకు పదకుటుంబం, అయిదు తెలుగు మాటలు: ప్రాయశ్చిత్త వివాదంపై ఒక పరిశీలన

క్రీస్తు మరణం మానవుని పాపాన్ని ఏ విధంగా తొలగించింది? ఈ ప్రశ్నకు క్రైస్తవ సంఘం ఏకైక సమాధానాన్ని ఏ సార్వత్రిక సభలోనూ శాసించలేదు. 325లో నికేయ సభ, 451లో కల్కెదోను సభ క్రీస్తు ఎవరన్నది నిర్వచించాయి. ఆయన మరణం పనిచేసిన తీరు జోలికి పోలేదు. అందువల్ల ఈ వివాదం సిద్ధాంతాల్లో కంటే పదాల్లోనే ఎక్కువగా నడిచింది. తెలుగు పదాల్లో అది ఎలా నిలిచిందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

బైబిల్ సొసైటీ ప్రచురించిన పాత తెలుగు అనువాదాన్ని తీసుకుందాం. రోమా పత్రిక 3:25లో 'కరుణాధారము', హెబ్రీ పత్రిక 9:5లో 'కరుణాపీఠము' అని ఉన్నాయి. మూలంలో రెండూ ఒకే పదం: హిలాస్తేరియోన్. యోహాను మొదటి పత్రిక 2:2లో 'శాంతికరము', అదే పత్రిక 4:10లో 'ప్రాయశ్చిత్తము' కనిపిస్తాయి. ఇక్కడా మూలపదం ఒక్కటే: హిలాస్మోస్. హెబ్రీ 2:17లో అదే కుటుంబానికి చెందిన క్రియ 'పరిహారము' అయింది. ఒకే రచయిత ఒకే చిన్న పత్రికలో వాడిన ఒకే పదం రెండధ్యాయాల తేడాలో రూపు మార్చుకోవడాన్ని అనువాదకుల అజాగ్రత్త అని కొట్టివేయవచ్చు. నాకు అలా తోచదు. మూలంలోనే తెగని సమస్య ఈ అయిదు మాటల్లో పంచుకొని నిలిచిందని నా అభిప్రాయం.

ఆ సమస్య ఇది. హోమర్ ఇలియడ్ మొదటి సర్గలో గ్రీకులు కుపితుడైన అపోలోను బలులతో ప్రసన్నుణ్ణి చేసుకుంటారు. అక్కడ ఈ క్రియకు కర్మ దేవుడు. పౌలు, యోహాను వాడినది ఈ అర్థంలోనేనా? 1931లో సి. హెచ్. డాడ్ కాదన్నాడు. హీబ్రూ గ్రంథాల ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో ఈ క్రియ ప్రాయికంగా పాపాన్ని, మాలిన్యాన్ని తుడిచివేయడానికే వర్తిస్తుందనీ, దేవుని కోపాన్ని చల్లార్చడానికి కాదనీ ఆయన వాదం. 1955లో లియోన్ మారిస్ దీన్ని ఎదిరించాడు. జెకర్యా 7:2, 8:22, మలాకీ 1:9 వంటి చోట్ల గ్రీకు అనువాదంలో కర్మ దేవుడేనని చూపాడు. రోమా పత్రికలో పౌలు తన వాదాన్ని 1:18లో దేవుని కోపంతోనే ప్రారంభించాడనీ, 3:25కు వచ్చేసరికి ఆ కోపం ఏమైందో చెప్పని వ్యాఖ్యానం అసంపూర్ణమనీ ఆయన పట్టు.

వ్యాకరణ విషయంలో డాడ్ వైపే మొగ్గు ఉంది. హెబ్రీ 2:17లో కర్మ 'పాపములు'. దాన్ని ఎవరూ మార్చలేరు. కాని దేవుని కోపాన్ని వ్యక్తి లేని ఒక నైతిక కార్యకారణ నియమంగా పలచన చేయడంలో డాడ్ పౌలును దాటిపోయాడు. సందర్భబలం మారిస్‌ది.

ఇంగ్లీషు అనువాదాలు ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. తెలుగు అనువాదానికి ఆ ఇబ్బంది అంతగా లేదు. 'శాంతి' అన్న మాటను గమనించండి. గ్రహశాంతిలో శాంతించవలసింది గ్రహం, అంటే బయట ఉన్న శక్తి. దోషశాంతిలో అణగవలసింది దోషం. మాట ఒకటే, కర్మలు రెండు. డాడ్, మారిస్‌ల వాదం మొత్తం ఈ రెండు సమాసాల మధ్య ఎడంలో ఇమిడిపోతుంది. 'పాపములకు శాంతికరము' అన్నప్పుడు షష్ఠి పాపం వైపు లాగుతుంది, నామం దేవుని వైపు లాగుతుంది. పండిత వివాదం తలెత్తక ముందే అనువాదకులు ఈ సందిగ్ధతను కాపాడారంటే, తెలిసి చేసినా తెలియక చేసినా, అది చిన్న విషయం కాదు.

'పరిహారము' కథ వేరు. దోషపరిహారంలో అది తొలగింపు. హెబ్రీ పత్రిక రచయితకు కావలసిన అర్థం అదే. కాని నేటి పాఠకుని చెవికి ముందుగా వినిపించేది నష్టపరిహారం. అలా వినగానే 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ 'దేవుడు మానవుడెందుకయ్యాడు' అనే గ్రంథంలో చెప్పిన సిద్ధాంతం తలుపు తడుతుంది: పాపం దేవుని గౌరవానికి పడిన బాకీ, దాన్ని తీర్చగలిగినవాడు దైవమానవుడొక్కడే. మూలంలో లేని లెక్కల పుస్తకం మాట మారకుండానే వాక్యంలోకి వచ్చి చేరింది. ఇటువంటి న్యాయస్థాన పరిభాషను గట్టిగా శంకించి, క్రీస్తును నూతన సృష్టికి ఆరంభంగా చూసినవాడు నెల్లూరులో జన్మించిన పి. చెంచయ్య (1886–1959). ఆయన వృత్తిరీత్యా న్యాయవాది, న్యాయమూర్తి కావడం గమనార్హం.

'కరుణాధారము' శ్రావ్యమైన మాటే కాని, నష్టం ఎక్కువగా జరిగింది ఇక్కడే. లేవీయకాండము 16లో రక్తం ప్రోక్షించే మందసపు మూత కరుణాపీఠం. పౌలు క్రీస్తును ఆ మూత పేరుతోనే పిలిచాడు. తెలుగులో పీఠం ఆధారమైపోవడంతో రోమా, హెబ్రీ పత్రికల బంధం తెగింది.

ఇక 'ప్రాయశ్చిత్తము'. తులనాత్మక పరిశోధకులు తొందరపడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ పదం దగ్గరే. ధర్మశాస్త్రకారులు దీన్ని 'ప్రాయ' అంటే తపస్సు, 'చిత్త' అంటే నిశ్చయం అని విడదీశారు. మనుస్మృతి పదకొండవ అధ్యాయంలోనూ యాజ్ఞవల్క్యస్మృతి మూడవ అధ్యాయంలోనూ కర్త సాధారణంగా పాపం చేసినవాడే. పరిషత్తు విధిస్తుంది, అతడు ఆచరిస్తాడు. పదకొండేళ్లు నిండని బాలుని పక్షాన గురువో ఆప్తుడో ఆచరించవచ్చునన్న స్మృతివచనం ఉంది కాని, అది అశక్తునికిచ్చిన మినహాయింపు. లేవీయకాండము 4లో తప్పు చేసినవాడు బలిని తెస్తాడు. అతని నిమిత్తం ప్రాయశ్చిత్తం చేసేవాడు యాజకుడు. ఒకే సంస్కృత పదం కింద కర్త మారిపోయాడు. పదసామ్యాన్ని చూసి భావసామ్యాన్ని ప్రకటించే వ్యాసాలు, అదే పదాన్ని పట్టుకొని 'ఒకరి పాపానికి మరొకరి ప్రాయశ్చిత్తమా' అని ఆక్షేపించే వ్యాసాలు, రెండూ ఈ కర్తృభేదాన్ని ముందు తేల్చుకోవాలి.

యోహాను 4:10 దగ్గర ఇది మరింత చిక్కుపడుతుంది. లేవీయకాండంలో క్రియ 'చేయు'. ఇక్కడ తెలుగు అనువాదకులు 'అగు' అన్న క్రియను ఎంచుకున్నారు. కుమారుడు ప్రాయశ్చిత్తాన్ని చేయడు, తానే అది అవుతాడు. పంపినవాడు అపరాధి కాదు, అపరాధానికి గురైన దేవుడే. ఇక్కడ అపోలో కథలో వలె మనిషి దేవుణ్ణి ప్రసన్నం చేసుకోవడం లేదు, స్మృతుల్లో వలె తన్ను తాను శుద్ధి చేసుకోవడమూ లేదు.