కారునలుపులో కార్మికుడు

ఈ వారం ఇంటికొచ్చిన ఓ క్యాలెండర్ చిరాకు పుట్టించింది. పన్నెండు నెలలకూ ఫ్యాక్టరీ బొమ్మలే. పొగ లేదు, మసి లేదు, పనివాడు అసలే లేడు. చెయ్యి తగలని పనిలో ప్రాణం ఉండదన్న నా పాత పంతం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు.

ఆ చిరాకులోనే అమెరికన్ ప్రింట్ల పుస్తకం తీశాను. 1920లలో లూయీ లోజోవిక్ చేసిన న్యూయార్క్ లితోగ్రాఫ్‌లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. గీత గట్టిదే, కానీ కట్టడాల ముందు మనిషి ఆనడు. మార్టిన్ లూయిస్ దగ్గరికొస్తే ఊపిరాడుతుంది. 1929 నాటి ‘గ్లో ఆఫ్ ది సిటీ’లో చానిన్ బిల్డింగ్ అనే ఆకాశహర్మ్యం దూరంగా వెలుగుతుంటుంది. ఇవతల ఇనుప మెట్ల దగ్గర, ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఒక స్త్రీ అటే చూస్తుంటుంది. అది డ్రైపాయింట్: రాగి రేకును సూదితో నేరుగా గీకుతారు. గీత పక్కన లేచిన రాగి అంచు సిరాను పట్టుకుని మెత్తటి నలుపునిస్తుంది. ప్రెస్సు కింద అది త్వరగా నలిగిపోతుంది కాబట్టి మంచి అచ్చులు కొన్నే వస్తాయి.

చేతిపనిదే పైచెయ్యి అనుకునేలోపు డాక్స్ త్రాష్ అడ్డొచ్చాడు. 1893లో జార్జియాలో పుట్టిన నల్లజాతి కళాకారుడు, మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడు. మహామాంద్యం రోజుల్లో కళాకారులకు పని ఇవ్వడానికి ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు కింద ఫిలడెల్ఫియా వర్క్‌షాపులో చేరాడు. లితోగ్రాఫ్ అచ్చులు తీసే రాళ్లను అరగదీసేందుకు అక్కడ కార్బొరండం పొడి ఉండేది. కత్తులకు సానపట్టేవాళ్లకు తెలిసిన సరుకే, కరెంటు కొలిమిలో పుట్టిన ఫ్యాక్టరీ సరుకు. త్రాష్, అక్కడి తోటి కళాకారులు హ్యూ మెసిబోవ్, మైకేల్ గలాఘర్ 1930ల చివర్లో ఆ పొడితో రాగి రేకును రుద్దారు. రేకంతా గరుకెక్కాక సిరా పూసి అచ్చు తీస్తే కారునలుపు వచ్చింది. ఇక చేతి పనల్లా వెలుగు తీయడమే. గీకి నున్నబరిచిన చోట సిరా నిలవదు, అక్కడ తెలుపు తేలుతుంది. 1941 ప్రాంతంలో త్రాష్ ఈ పద్ధతిలోనే ‘డిఫెన్స్ వర్కర్’ చేశాడు. ఆ నలుపులోంచే శ్రామికుడి ఒళ్లు, బలం పైకొచ్చాయి.

ఫ్యాక్టరీ పొడే పనివాడికి రూపమిచ్చింది. చేతికీ యంత్రానికీ తగువు పెట్టనక్కర్లేదు, పనివాణ్ణి చూడాలన్న పట్టుదల ఉంటే చాలు. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంలో త్రాష్ ప్రింట్లున్నాయి. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువారు అడిగి మరీ చూడండి.