బహుమతియు, టిక్కెట్ల పెట్టెయు

ఆస్కారు పట్టిక కెక్కిన చిత్రములకు కాసులు రాలవని పలువురందురు. జీవితమంతయు జమాఖర్చులు వ్రాసినవారము గనుక, లెక్క చూడక మేమీ మాట నమ్మజాలము. 1997 నాటి 'టైటానిక్' అమెరికాలో సుమారు 60 కోట్ల డాలర్లు ఆర్జించియు పదునొకండు ఆస్కారులు గైకొన్నది గదా! 2008లో 'ది డార్క్ నైట్' అచ్చట 50 కోట్లు దాటినను ఉత్తమ చిత్రపు పట్టికలో దానికి చోటు దక్కలేదు. మరుసటి యేటి చిత్రములకు ఆ పట్టికను ఐదు నుండి పదికి పెంచిరి. అందు 'అవతార్' 70 కోట్లు మించినది. బహుమతి మాత్రము అచ్చట 2 కోట్లైనను రాబట్టని 'ది హర్ట్ లాకర్'కు పోయినది. ఈ తీర్పు మాకు నచ్చినది. బాంబులను విప్పు సైనికుని చేతులు మాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నవి. బహుమతియే రాకున్నచో ఆ చిత్రమును మేము చూచియే యుండము.