గాయానికి పసుపు, సాక్ష్యానికి కాగితం

రోజూ వాడే వస్తువులు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకాలకీ, ఆదివారం అనుబంధాల్లో వచ్చే శీర్షికలకీ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ ఈ కథల్లో ఆడవాళ్లు ఏ పాత్రలో ఉన్నారని వెతుక్కుంటూ చదివితే వాటి అల్లిక వేరుగా కనిపిస్తుంది. తరచుగా రెండే పాత్రలు. ఆమె ఇబ్బంది పడుతుంది, మగవాడు పరిష్కారం కనిపెడతాడు. లేదంటే ఆమే కనిపెడుతుంది, కానీ పొరపాటున.

బ్యాండ్‌ఎయిడ్ కథ మొదటి రకం. 1920లో అమెరికాలో, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో దూది కొనుగోళ్లు చూసే ఎర్ల్ డిక్సన్, వంటింట్లో తరచూ వేళ్లు కోసుకునే భార్య జోసఫిన్ కోసం అతుక్కునే టేపు మీద గాజుగుడ్డ ముక్కలు పెట్టి పట్టీ తయారుచేశాడు. మరుసటి ఏడాది అది అమ్మకానికొచ్చింది. తర్వాత ఆయన ఆ కంపెనీ ఉపాధ్యక్షుడయ్యాడు. జోసఫిన్ మాత్రం కథలో కత్తి పట్టడం చేతగాని ఇల్లాలిగా మిగిలిపోయింది. పనిచేసే చేతికి గాయమైతే రెండో మనిషి సాయం లేకుండా కట్టుకోగలగాలన్న అవసరాన్ని చూపించిన మనిషిగా ఆమెని ఎవరూ చెప్పరు.

రెండో రకానికి రూత్ వేక్‌ఫీల్డ్ ఉదాహరణ. 1930లలో మసాచుసెట్స్‌లో టోల్ హౌస్ ఇన్ నడిపిన ఈమె, వంటకి కావలసిన చాక్లెట్ అయిపోతే వేరేది ముక్కలు చేసి వేసిందనీ, అలా అనుకోకుండా చాక్లెట్ చిప్ కుకీ పుట్టిందనీ చెబుతారు. ఆమె గృహవిజ్ఞానం చదువుకుంది, పాఠశాలలో అదే బోధించింది, వంటల పుస్తకం రాసింది. కొత్తది చేయాలని కావాలనే ప్రయత్నించానని ఆమే చెప్పినా, పొరపాటు కథే ఎక్కువ ప్రచారంలో ఉంది. చదువుకున్న స్త్రీ వంటింట్లో చేసిన ప్రయోగాన్ని ప్రయోగం అనడానికి మనకి నోరు రాదు.

ఇవి ఎక్కడివో కథలు అనుకోనక్కర్లేదు. మాది దుగ్గిరాల. మా ఊరి పేరు చెబితే ఎవరైనా పసుపు యార్డే తలుచుకుంటారు. వేలు తెగితే డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి అద్దే చెయ్యి ఏ ఇంట్లోనైనా ఉంటుంది, అది ఎక్కువగా ఆడవాళ్ల చెయ్యే. అదే పనికి 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా ప్రభుత్వం 5,401,504 నంబరు పేటెంటు ఇచ్చింది. గాయం మానడానికి పసుపు వాడటం అన్నదే అందులోని ఆవిష్కరణ. ఆవిష్కర్తలుగా నమోదైన సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ ఇద్దరూ భారతీయ మూలాలున్నవాళ్లే.

1996లో మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దీన్ని సవాలు చేసింది. సంస్కృత గ్రంథాలతో సహా 32 ఆధారాలు సమర్పించింది. వాటిలో 1953లో భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం ఒకటి. 1997 ఆగస్టులో పేటెంటు రద్దయింది. సంతోషించవలసిన విజయమే, సందేహం లేదు. మన పత్రికలు దీన్ని బామ్మ వైద్యం గెలుపుగా రాశాయి.

నా అభ్యంతరం ఆ మాట దగ్గరే. గెలిచింది బామ్మ కాదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో జనం వాడుతున్నారన్నది సాక్ష్యం కాదు, అక్కడ అచ్చయి ఉండాలి. కోట్ల మంది స్త్రీలు రోజూ చేస్తున్న పని లెక్కలోకి రాలేదు. దాని గురించి ఎవరో రాసిపెట్టిన కాగితం లెక్కలోకి వచ్చింది. 2011లో చేసిన సవరణ 2013 మార్చిలో అమలయ్యాకే, ఏ దేశంలోనైనా బహిరంగంగా వాడుకలో ఉన్నదానికి అక్కడ విలువ వచ్చింది. మనవాళ్లు 2001లో మొదలుపెట్టిన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం కూడా ఆయుర్వేదం, యునానీ, సిద్ధ వంటి శాస్త్రాల గ్రంథాల నుంచే సమాచారం తీసుకుంది. ఏ గ్రంథంలోనూ లేనిది, అత్త నోటి నుంచి కోడలు విన్నది దానిలో ఎక్కడుంటుంది?

పసుపు పెడితే ప్రతి గాయమూ మానుతుందని నేను అనడం లేదు. పసుపు గురించి ఎవరి మాట జ్ఞానమవుతుంది, ఎవరి మాట చిట్కా అవుతుంది అన్నదే నా ప్రశ్న. మా చుట్టుపక్కల తవ్విన పసుపు యార్డుకి చేరేలోగా కొమ్ముల్ని కాయ నుంచి విడదీయాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగుపెట్టాలి. ఉడికిందీ లేనిదీ పైకి లేచే నురుగునీ వాసననీ బట్టి, వేలితో నొక్కి, పుల్ల గుచ్చి చూసి చెబుతారు. తక్కువ ఉడికితే కొమ్ము పెళుసవుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. ఈ పనుల్లో ఉన్న ఆడవాళ్ల ముక్కుకీ వేళ్లకీ తెలిసినది కూలి లెక్కలోకి ఎక్కుతుంది తప్ప శాస్త్రం లెక్కలోకి ఎక్కదు.

ఇంకో సంగతి కూడా దాటెయ్యకూడదు. పసుపుని స్త్రీల జ్ఞానమని కీర్తించే సమాజమే దాన్ని అయిదోతనానికి ముద్రగా మార్చింది. ఆడపిల్లకి పొలం రాసిచ్చినా పసుపు కుంకుమల కింద ఇచ్చామంటారు, హక్కు అనరు. భర్త పోయిన స్త్రీని పేరంటంలో పసుపు దగ్గరికి రానివ్వరు. పిల్లాడి గాయానికి మందు వేయడానికి పనికొచ్చిన చేతులే ముత్తయిదువ కాళ్లకి రాయడానికి పనికిరాకుండా పోతాయి. పేటెంటు గెలుపు గురించి వచ్చిన రాతల్లో దేశం కనిపించింది, ఈ స్త్రీ కనిపించలేదు. పరాయివాడి దోపిడీ గురించి మాట్లాడుతూ ఇంట్లో జరిగే దోపిడీని దాచుకోవడం సులభం.

మరి రాసేవాళ్లం మనమేం చెయ్యాలి? స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటనే చరిత్రగా నిలబెట్టింది. వాళ్లు ఏ దళంలో ఉన్నారన్న దానితో ఆగకుండా, ఎలా బతికారు, ఏం పోగొట్టుకున్నారు అని అడిగింది. పోరాటం గురించి అడిగినట్టు పని గురించి కూడా అడగాలి. ఈ మెళకువ ఎవరి దగ్గర నేర్చుకున్నావు, నువ్వేం మార్చావు, ఏది పనిచెయ్యలేదు అని. చేసి చూసి వదిలేసినవి కూడా రాస్తేనే అది ప్రయోగమని తెలుస్తుంది. ఆమె ఒప్పుకుంటే పేరుతోనే రాయాలి. బామ్మ అని రాస్తే ఆమె మళ్లీ ఎవరూ కాకుండా పోతుంది.

ఇందులో ప్రమాదం ఉందని తెలుసు. రాసిపెట్టింది పేటెంటుని ఆపవచ్చు, అదే రాత ఇంకో కంపెనీకి దారి చూపించనూ వచ్చు. అందుకే ఏది చెప్పాలి, ఏది తనలోనే ఉంచుకోవాలి అన్న నిర్ణయం చెప్పే స్త్రీదే కావాలి. మన పరిశోధనల్లో ఆమెకి ఆ అధికారం ఇప్పటిదాకా ఎంత ఇచ్చామో, మనం ప్రచురించిన ఇంటర్వ్యూలని ముందు వేసుకుని చూసుకోవలసిన అవసరం ఉంది.