స్త్రీ దేహానికి స్త్రీయే భాష్యం చెప్పిన కళ

పల్లవి ఒక్కటే. పదిసార్లు పాడితే పదిసార్లూ కొత్త భావం పలకాలి. లేచి తిరగడానికి లేదు. కూర్చున్న చోటే కూర్చుని, తన పాట తానే పాడుకుంటూ, కళ్లతో, కనుబొమలతో, చేతివేళ్లతో నాయిక మనసంతా విప్పి చూపాలి. గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల ఇళ్లలో నాట్యం నేర్చిన పిల్లకు ఇదీ అసలు పరీక్ష. అందులో నెగ్గిన మహాతల్లులను కన్న ఊళ్లు ముమ్మిడివరం, కోటిపల్లి, మురమండ, బల్లిపాడు, పిఠాపురం. తెలుగువాడన్న ప్రతివాడూ నోరారా తలుచుకోవలసిన పేర్లివి.

చరిత్ర లోతుల్లోకి పోను. గుడిసేవ ఎంత పాతదో శాసనాలే చెబుతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడ్డాక, జమీందార్ల కోటల్లోనే కాదు, మోతుబరి రైతుల పెళ్లిపందిళ్లలో కూడా మేజువాణి లేకపోతే వెలితిగా ఉండేదని పెద్దలు చెప్పుకునేవారు.

ఈ విద్యకు మూడు ముఖాలు. గుడిలో స్వామికి చేసే సేవ ఒకటి: పుష్పాంజలి, హెచ్చరిక, కుంభహారతి, పవ్వళింపు. రసికుల ముందు ఆడే మేజువాణి రెండోది: సలాం దరువు, స్వరపల్లవి, వర్ణం, పదం, జావళి. రాత్రిళ్లు సాగే కలాపం మూడోది. మూడింటికీ ప్రాణం అభినయమే.

క్షేత్రయ్య పదం తీసుకోండి. రాత్రి ఎక్కడున్నావని నాయిక మువ్వగోపాలుణ్ణి అడుగుతుంది. మొదటిసారి ఆ ప్రశ్నలో కోపం. రెండోసారి భయం. మూడోసారి, ఎక్కడుంటే నాకేమన్న బింకం. నాలుగోసారి జవాబు తెలిసీ అడిగే దైన్యం. మాట మారదు, రాగం మారదు. మారేదల్లా చూపు, మెడ వంపు, వేలి కొస. అలా పదం పట్టడానికి గొంతూ ఒళ్లూ ఉంటే చాలదు, చదువు కావాలి. భానుదత్తుని రసమంజరి శ్లోకాలు చదివి, ఏ నాయిక ఏ వయసులో, ఏ స్థితిలో ఎలా చూస్తుందో తెలుసుకుని మరీ పదానికి కూర్చునేవారు.

గొల్లకలాపం మరీ గొప్పది. చల్లమ్మే గొల్లభామ బ్రాహ్మణుడితో వాదానికి దిగి, తల్లి కడుపులో పిండం ఎలా ఏర్పడుతుందో, నెలనెలా ఎలా పెరుగుతుందో వివరిస్తుంది. గర్భం గురించి ఒక స్త్రీ నలుగురిలో నిలబడి శాస్త్రం చెప్పడమంటే మాటలా? ముమ్మిడివరం అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మ గారి మేళం భామాకలాపంతోపాటు ఈ కలాపాన్నీ ఆడింది.

భామాకలాపం అనగానే మనకు కూచిపూడి గుర్తొస్తుంది. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆయన స్త్రీని చూసి స్త్రీ అయ్యారు. కళావంతుల ఆడపడుచు తన ఒంటినే అడిగి సత్యభామ అయింది. ఎవరేమన్నా సరే, నా ఓటు ఆ రెండోదానికే.

థాయిలాండులో పినారీ సన్పితక్ అనే చిత్రకారిణి స్త్రీ వక్షాన్ని స్తూపంగా, పాత్రగా మలిచి ప్రపంచమంతా ప్రదర్శనలిచ్చింది. స్త్రీ తన దేహం గురించి తానే మాట్లాడిందని మెచ్చుకుంటున్నారు, మెచ్చుకోవాలి. మన గోదావరి ఒడ్డున తరతరాలుగా జరిగిందీ అదే. దానికి మాత్రం మనం పెట్టిన పేరు సిగ్గుచేటు. కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనానికి పట్టిన గతీ ఇదే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని అచ్చువేయిస్తే బూతని నిషేధించారు. ఆ నిషేధం తొలగించడానికి టంగుటూరి ప్రకాశం రావలసి వచ్చింది.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు వేశ్యావృత్తిపై కత్తి కట్టారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. ఆడపిల్లను గుడికి అంకితం చేసే ఆచారం పోవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆచారంతోపాటు ఆమె విద్యనూ గెంటేశాం. గజ్జెలు పెట్టెల్లోకి పోయాయి. పదం వచ్చని చెప్పుకోవడానికే ఆ ఇళ్లు భయపడ్డాయి.

మరి ఆ ఖాళీలో ఏం తెచ్చి పెట్టాం? తీర్థాల్లో రికార్డింగ్ డాన్సులు! పదం పట్టే తల్లిని ఊరి మర్యాద పేరుతో ఇంట్లో కూర్చోబెట్టి, సినిమా పాటకు పొట్టకూటికోసం గెంతే పిల్ల మీద నోట్లు చల్లుతున్నాం. తప్పు ఆ పిల్లది కాదు, చల్లే చేతులది. సభల్లో జరిగేది మరో అన్యాయం. నాలుగు నిమిషాల్లో పదం ముగించి, నాలుగు దిక్కులా తిరిగి, నవ్వుతూ దండం పెట్టేస్తే అభినయమైపోతుందా?

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ వృద్ధ కళాకారిణులను వెతికి వేదికెక్కించి ఆంధ్రనాట్యం నిలబెట్టారు. పిఠాపురం పెండేల సత్యభామ గారి నవజనార్దన పారిజాతాన్ని ఆయన శిష్యుడు కళాకృష్ణ నేర్చుకున్నారు. సరిదె మాణిక్యమ్మ, మద్దుల లక్ష్మీనారాయణ వంటి తల్లుల వద్ద నర్తకి స్వప్నసుందరి నేర్చిన విద్యకు ఆరుద్ర విలాసినీ నాట్యమని పేరుపెట్టారు. ముమ్మిడివరం మంగతాయారు గారి వద్ద నేర్చుకున్న యశోదా ఠాకూర్ తానూ కళావంతుల బిడ్డనేనని తలెత్తి చెబుతూ ఆడుతున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తలెత్తడమే. పేరు ఏదైనా పెట్టుకోండి, ముందు ఆ తల్లుల పేరు చెప్పండి.

కళాపోషకులకు, విశ్వవిద్యాలయాలకు ఒకటే విన్నపం. ఈ విద్య తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఎవరున్నా వాళ్ల ఇంటికి మీరే వెళ్లండి. పదం పూర్తిగా, తొందర లేకుండా, వాళ్లు కూర్చున్న తీరులోనే రికార్డు చేయండి. గురువుకివ్వవలసిన గౌరవం, సంభావన ఇవ్వండి. పాఠకులారా, మీ ఊళ్లో ఆ ఇల్లు ఉంటే మీ అమ్మాయిని పంపి ఒక్క పదమైనా నేర్పించండి. శాలువాలతో ఈ కళ బతకదు, శిష్యులతో బతుకుతుంది.