కోరపన్నుకు ఎముక ఊతం

పై దవడ కోరపన్ను ముక్కు పక్కన, బాగా ఎత్తున రూపుదిద్దుకుంటుంది గనుక, మిగిలిన పళ్లకంటే ఎక్కువ దూరం దిగివచ్చి, సాధారణంగా 11, 12 ఏళ్ల వయసులో పలువరుసలో చేరవలసి ఉంటుంది. ఆ దారిలో పక్కకు తొలగిన పన్ను అంగిలివైపో పెదవివైపో ఎముకలో చిక్కుకుపోతుంది. నూటికి ఒకరిద్దరిలో కనిపించే ఈ స్థితి అమ్మాయిలలో ఎక్కువ. నొప్పి ఉండదు కాబట్టి, ఊడవలసిన పాలపన్ను ఊడకుండా నిలిచిపోవడమే తరచుగా ఇంట్లో కనబడే గుర్తు. జ్ఞానదంతాన్ని తీసివేసినంత తేలికగా కోరపన్నును వదులుకోవడం తగదు. పొడవైన వేరుతో నోటి మూలను నిలబెట్టేదీ, నమిలేటప్పుడు దవడ కదలికకు దారి చూపేదీ అదే.

శస్త్రవైద్యుడు చిగురు తెరిచి, లోపలి పంటికి చిన్న బొత్తాన్ని అతికించి, దానికి సన్నని గొలుసు కడతాడు. ఆ గొలుసును ఎంత బలంతో లాగాలన్న ప్రశ్నకు జవాబు ఆశ్చర్యం కలిగిస్తుంది: సుమారు 60 గ్రాముల బరువుకు సమానమైన బలం చాలు. మెల్లని ఒత్తిడికి ఎముక ఒకవైపు కరుగుతూ మరొకవైపు పేరుకుంటూ పంటికి దారి ఇస్తుంది. ఒత్తిడి మితిమీరితే వేరు చుట్టూ ఉన్న నారపొరలో రక్తప్రసరణ ఆగి, కదలిక నిలిచిపోతుంది.

అసలు చిక్కు, దేనిని ఊతంగా చేసుకుని లాగాలన్నది. పక్క పళ్లకు తీగ కట్టి లాగితే, న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం అవి కూడా అంతే బలంతో ఎదురు లాగబడి, ఏ తప్పూ చేయని పళ్లు స్థానం మారతాయి. ఈ భారాన్ని ఎముకకే అప్పగించాలని 1945లోనే గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే పరిశోధకులు కుక్కల దవడల్లో స్క్రూలు బిగించి చూశారుగాని, అవి నెల తిరిగేసరికి ఊడిపోయాయి. 1983లో క్రీక్‌మోర్, ఎక్‌లండ్ అనే వైద్యులు ముక్కు కింది ఎముకలో బిగించిన స్క్రూతో ముందరి పళ్లను పైకి జరిపారు; 1997లో జపాన్‌కు చెందిన కనోమి 1.2 మిల్లీమీటర్ల వ్యాసం గల స్క్రూను పరిచయం చేశాడు.

స్క్రూ స్థిరత్వాన్ని ఇస్తుంది, నేర్పు మాత్రం స్ప్రింగులో ఉంటుంది. ఒక కొన స్క్రూకు బిగిసి, రెండవ కొన గొలుసును పట్టుకునే తీగ పొడవు రెట్టింపైతే దాని బిగువు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుకే వైద్యులు ఇరుకైన నోట్లోనే తీగను చుట్టలు తిప్పి పొడవు సంపాదిస్తారు, ఉక్కుకంటే మెత్తని బీటా టైటానియం తీగను ఎంచుకుంటారు. అయితే ఆ తీగ స్క్రూను మెలితిప్పి వదులు చేయగలదు కనుక, అంగిలిలో రెండు స్క్రూలను జతకట్టడం మంచిది. దిశ విషయంలో తొందర అన్నిటికంటే చేటు. అంగిలివైపు చిక్కిన పన్నును నేరుగా వరుసలోకి లాగితే అది ముందరి పంటి వేరును ఒరుసుకుని కరిగించగలదు. మొదట ఆ వేరుకు దూరంగా వెనక్కి, కిందికి దించి, ఆ తరువాతే వరుసవైపు తిప్పాలి. కంటికి ఫలితం కనబడని ఆ మొదటి నెలలే ఈ వైద్యంలో అత్యంత విలువైనవి.

కొన్నిసార్లు పన్ను ఎముకతో అతుక్కుపోయి ఉంటుంది. పక్క పళ్లకు కట్టి లాగిన సందర్భంలో ఆ సంగతి బయటపడేసరికి వరుసంతా పైకి లేచి, పై, కింది ముందు పళ్ల మధ్య ఖాళీ ఏర్పడుతుంది. స్క్రూకు కట్టినప్పుడు గొలుసు పొడవు తగ్గదు, పన్ను రాదు, కాని తక్కిన పళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.