గెటప్ శ్రీను 'జబర్దస్త్' హాస్యం: ఆహార్య దృష్టితో పరిశీలన

కీలకపదాలు: ఆహార్యం, హాస్యం, పగటివేషం, పిట్టలదొర, జబర్దస్త్, గెటప్ శ్రీను

ఉపోద్ఘాతం

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ప్రారంభమైన 'జబర్దస్త్' కార్యక్రమాన్ని గురించి విమర్శ అనగానే ద్వంద్వార్థాలు, స్త్రీపాత్రల చిత్రణలోని చులకనభావం ముందుగా చర్చకు వస్తాయి. ఆ ఆక్షేపణలు నిరాధారమైనవి కావు. అయితే ఆ తీర్పుతోనే ఆగిపోవడం వల్ల అందులోని నటుల పనితనాన్ని విడిగా పరిశీలించే అవకాశం జారిపోయింది. సుడిగాలి సుధీర్, ఆటో రాంప్రసాద్‌లతో కలిసి ఒకే బృందంలో పేరు తెచ్చుకున్న గెటప్ శ్రీను అటువంటి పరిశీలనకు అర్హుడు. ఆటోల వెనుక రాతల వంటి పంచ్‌లతో రాంప్రసాద్‌కు ఇంటిపేరు వచ్చినట్లే, వేషం వల్ల శ్రీనుకు ఆ పేరు వచ్చింది. బిరుదు బాగానే ఉంది, కానీ అది నటుని ముఖాన్ని కప్పివేసే బిరుదు.

పిట్టలదొర వారసత్వం

భరతుడు చెప్పిన చతుర్విధాభినయాలలో ఆహార్యం ఒకటి. వికృతవేషం హాస్యరసానికి విభావమని కూడా నాట్యశాస్త్రం పేర్కొన్నది. తెలుగునాట ఈ సూత్రానికి సజీవరూపం పగటివేషం. కళాకారులు ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసి రోజుకొక వేషంతో వీధుల్లోకి వచ్చేవారు. వాటిలో పిట్టలదొర వేషానిది ప్రత్యేకస్థానం. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కొయ్యతుపాకి, నోట కోటలు దాటే మాటలు. తెలంగాణలో ఇతనినే లత్కోర్‌సాబ్ అంటారు. లేని ఆస్తిని ఉన్నట్లు, జరగని ఘనకార్యాన్ని జరిగినట్లు తొణకకుండా చెప్పడమే అతని విద్య.

శ్రీను పోషించిన 'బిల్డప్ బాబాయ్' ఈ పిట్టలదొరకు దగ్గరి చుట్టం. అతని గొప్పలు ఎంత పెరిగితే గొంతు అంత నింపాదిగా ఉంటుంది. నవ్వు పుట్టేది అబద్ధంలో కాదు, దానిని చెప్పే నిబ్బరంలో. అతను నవ్వడు, ఎదుటివారిని నవ్విస్తాడు. శాస్త్రపరిభాషలో ఇది పరస్థ హాస్యం. ఇక్కడ వేషం కేవలం విగ్గు, మీసాల కూర్పుగా మిగలక నడకగా, చూపుగా, మాట విరుపుగా మారింది. ప్రసిద్ధవ్యక్తుల అనుకరణలో శ్రీను నేర్పు చూపినప్పటికీ, పేరులేని ఈ బాబాయే అతని అసలు సృష్టి అని నా అభిప్రాయం. అనుకరణకు మూలం తెలిసి ఉండాలి. బాబాయ్‌కి ఆ అవసరం లేదు, ప్రతి ఊరి అరుగుమీదా అటువంటివాడొకడు ఉంటాడు.

భేదం కూడా గమనార్హం. పిట్టలదొర దొరల గుమ్మం ముందు నిలిచి దొరతనాన్నే వెక్కిరించాడు. చూసేవారు ఎదురు ప్రశ్న వేస్తే దానికి అప్పటికప్పుడు జవాబు అల్లాడు. స్టూడియోలో ఆ ఎదురుప్రశ్న తోటినటునికి ముందే రాసి ఇచ్చిన సంభాషణ. నవ్వు న్యాయనిర్ణేతల వైపు నుండి వస్తుంది. నిమిషాల వ్యవధిలో పంచ్ వెంట పంచ్ పడవలసిన నిర్మాణంలో పాత్ర ఊపిరి తీసుకునే లోపే స్కిట్ ముగుస్తుంది. వారం తిరిగేసరికి మరొక వేషం సిద్ధం.

వేషం తీసిన ముఖం

2024లో విడుదలైన 'హనుమాన్' చిత్రంలో కథానాయకుని మిత్రునిగా శ్రీను హాస్యపాత్రకే పరిమితమయ్యాడు. అదే సంవత్సరం కృష్ణమాచారి దర్శకత్వంలో అతను కథానాయకునిగా వచ్చిన 'రాజు యాదవ్' ఈ చర్చకు ఎక్కువ అవసరం. క్రికెట్ బంతి తగిలి, ముఖం శాశ్వతంగా నవ్వుతున్నట్లు బిగుసుకుపోయిన యువకుని కథ అది. పదేళ్ళు వేషాలు మార్చిన నటునికి ఈసారి మార్చడానికి వీలులేని వేషం దొరికింది. స్మితం కనిపిస్తుంది, దానికి స్థాయి అయిన హాసం లోపల లేదు. ముఖం పనిచేయని చోట దుఃఖాన్ని చూపే భారమంతా కళ్ళమీద, గొంతుమీద పడింది. స్కిట్లలో ఆ రెండింటికీ అంత వ్యవధి ఎన్నడూ దొరకలేదు.